మూర్తిగారికి రెండు కిడ్నీలు కావాలి

ఆ బుధవారం శ్రీరామమూర్తి వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. చీకటి విడిపోగానే లేవాలి. భార్య కమలకుమారి పాలు కాచేలోగా స్కూటరు బయటికి తీయాలి. శాలిబండ అవతల జహంగీర్ భాయ్ మటన్ దుకాణంలో అప్పుడే కోసిన మేక కిడ్నీలు రెండు ఐసు పోసిన ఫ్లాస్కులో వేయించుకోవాలి. ఎండ ముదరకముందే కంచన్‌బాగ్ దారిలో ఉన్న తన పరిశోధనశాలకు చేరుకోవాలి. అంతే. కానీ ఏ పనైనా చెడిపోతుందని ముందే అనుకోవడం మూర్తికి అలవాటు. అలా అనుకుంటూనే చెప్పులేసుకున్నాడు.

మూర్తిది తెనాలి వైపు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి ఎనిమిదేళ్ళయింది. హుస్సేనీ ఆలంలో ఆగయ్య ఇంటి మేడమీద వాటాలో ఆరేళ్ళుగా అద్దెకుంటున్నాడు. ఇంట్లో కోడిగుడ్డు పేరెత్తితే కమలకుమారి స్నానం చేసి వస్తుంది. అందుకే తను చేసే పనేమిటో ఆమెకు పూర్తిగా చెప్పలేదు. "ఆకుల మీద పరిశోధన" అని మాత్రం చెప్పాడు. అది అబద్ధం కాదు. ఆదివారాల్లో జల్‌పల్లి వైపు వెళ్ళి, ఇళ్ళు కట్టని ప్లాట్లలో వానలకు పాకిన గలిజేరు ఆకు సంచీ నిండా కోసుకొచ్చేవాడు. అది కమల కళ్ళారా చూసింది. ఆ ఆకు రసం దేని మీద పోసి చూస్తాడో, ఆ సంగతే ఆమెకు తెలియదు.

పీల్చే గాలే మనిషిని బతికిస్తూ, లోలోపల ఇనుముకు తుప్పు పట్టించినట్టు కణాలను తినేస్తుందనీ, ఆ తుప్పు అందరికంటే ముందు పట్టేది రాత్రింబగళ్ళు నెత్తురు వడపోసే కిడ్నీలకేననీ మూర్తి నమ్మకం. దానికి విరుగుడు యాంటీ ఆక్సిడెంట్లు. అవి గలిజేరులో ఉన్నాయా లేవా అన్నది తేల్చాలి. మేక కిడ్నీ నుంచి కణాలు విడదీసి, సగం గాజు గొట్టాల్లో ఆకు రసం వేసి, సగం వాటిలో వేయకుండా, అన్నిటి మీదా పెరాక్సైడు పోసి చూడాలి. చచ్చిన కణం నీలిరంగు తాగుతుంది, బతికినది తాగదు. ఎనిమిదేళ్ళుగా మూర్తి మైక్రోస్కోపులోంచి నీలిరంగు చూస్తున్నాడు. ఈమధ్యే ఆకు వేసిన గొట్టాల్లో తెల్లటి చుక్కలు కనబడడం మొదలైంది. శుక్రవారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. ఆలోగా ఆ తెల్లటి చుక్కలు మరొక్కసారి కనబడకపోతే ప్రాజెక్టు మూసేస్తారు.

"ఆజ్ నహీ, మూర్తిసాబ్," అన్నాడు జహంగీర్ భాయ్ ఖాళీ కొక్కేలు చూపిస్తూ. "పెద్ద షాదీ ఉంది. హోటలోళ్ళు వచ్చి గుర్దా, కలేజా అంతా తీస్కపోయిండ్రు. ఒక్కటి గూడ లేదు."

"ఇవాళ దొరక్కపోతే నా పని అయిపోయినట్టే, భాయ్."

"గట్లనకు సాబ్. నేను చూస్త గదా. ఫికర్ మత్ కరో."

మూర్తి ఫికరు చేశాడు. దిగులుగా మరో నాలుగు దుకాణాలు తిరిగాడు. అన్నిచోట్లా అదే షాదీ. ఖాళీ ఫ్లాస్కుతో పరిశోధనశాలకు వెళ్ళి, తన పైఅధికారి డాక్టర్ శ్రీహరిరావు ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన వైద్యం చేసే డాక్టరు కాడు, రసాయనశాస్త్రంలో డాక్టరు. ఆయన కూడా తల పట్టుకున్నాడు. "దూద్‌బౌలి వైపు చూడండి. మిగిలింది రేపు ఒక్కరోజే," అన్నాడు. మూర్తి మళ్ళీ స్కూటరెక్కాడు.

అతను అటు వెళ్ళగానే జహంగీర్ భాయ్ దగ్గర్నుంచి కబురు వచ్చింది, రేపు పొద్దున రెండూ ఖాయంగా ఇస్తానని. ఆ మాట మూర్తి ఇంట్లో చెప్పి రమ్మని శ్రీహరిరావు అటెండరు మొగులయ్యను పంపించాడు.

మొగులయ్య సైకిలు మీద హుస్సేనీ ఆలం చేరేసరికి కమలకుమారి ఇంట్లో లేదు, కిరోసిన్ కోసం వరసలో నిలబడడానికి వెళ్ళింది. వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఆగయ్య భార్య చంద్రమ్మ కనబడింది.

"మూర్తిసారు వస్తే చెప్పమ్మా," అన్నాడు మొగులయ్య సైకిలు దిగకుండానే. "కిడ్నీలు దొరికినయట, రెండు. రేపు పొద్దుగాల్నే పోవాలె. ఈపాలి గూడ తప్పితే ఇంక చేసేదేం లేదని డాక్టర్‌సాబు తల పట్టుకొని కూసున్నడు."

చంద్రమ్మ చేతిలో చేట ఆగింది. "ఎవరికి కిడ్నీలు?"

"మూర్తిసారుకే. ఇంకెవరికి?" అని మొగులయ్య వెళ్ళిపోయాడు.

మొగులయ్య గుర్దాలు అని ఉంటే గొడవే లేదు. ఆ వాడలో మేక కిడ్నీని గుర్దా అంటారు, గుర్దా అంటే కూర. కానీ అతను పదిహేనేళ్ళుగా డాక్టర్ల మధ్య తిరిగినవాడు. కిడ్నీలు అన్నాడు. కిడ్నీ అంటే రోగం. పైగా ఉల్లిపాయ కూడా శనివారం ముట్టని ఇంటికి కిడ్నీలు కూరకని ఏ ఆడది అనుకుంటుంది? చంద్రమ్మకు ఒక్కొక్కటే అర్థం కాసాగింది. ప్రతి ఆదివారం సంచీడు గలిజేరాకు ఎందుకు? ఒంటి నీరు తీయడానికి కాకపోతే? ఆ మనిషి ముఖంలో ఆరేళ్ళుగా ఒక్కసారైనా నవ్వు కనబడిందా? చెరిగిన బియ్యం, చెరగని బియ్యం ఒక్కచోటే పోసేసి చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం మూర్తి ఉత్త చేతులతో ఇల్లు చేరాడు. స్కూటరు స్టాండు వేయబోతుంటే చంద్రమ్మ పరుగున వచ్చి, "మీరు బరువు గుంజొద్దు సారూ," అని తనే లాగింది. ఆగయ్య అరుగు మీద చాప వేసి ఉంచాడు. ఆగయ్య ఒక లోహాల కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేస్తాడు. గొంతు విప్పితే వీధి చివరికి వినపడే మనిషి. ఆ పూట పసిపిల్ల పక్కన ఉన్నట్టు మాట్లాడాడు.

"కూసోండ్రి సారూ. మాకు తెలిసింది. మొగులయ్య వచ్చి అంత చెప్పిండు. రేపు రెండు దొరుకుతయని గూడ చెప్పమన్నడు."

మూర్తి నెమ్మదిగా చాప మీద కూలబడ్డాడు. ప్రాజెక్టు మూసేస్తారన్న సంగతి ఇంటి ఓనరుదాకా వచ్చిందంటే ఇక ఊరంతా తెలిసినట్టే. "దాచి లాభం లేదు లెండి," అన్నాడు.

"ఎన్నేండ్ల సంది సారూ?"

"ఎనిమిదేళ్ళు. మొదట్లో అందరూ ధైర్యం చెప్పేవాళ్ళు. రెండేళ్ళుగానే దిగజారింది."

"కమలమ్మకు ఎరుకేనా?"

"చెప్పలేదు. చెప్తే బెంగపెట్టుకుంటుంది."

"డాక్టర్‌సాబు ఏమంటుండు?"

"ఆయన ఆశ వదిలేసుకున్నాడు. రేపు ఆఖరి ప్రయత్నం. అదీ కాకపోతే మూసేయడమే."

లోపల తలుపు వెనక చంద్రమ్మ వెక్కింది. వీళ్ళకు తన పరిశోధన మీద ఇంత అభిమానం ఉందని మూర్తి కలలో కూడా అనుకోలేదు.

"రెండూ కావాల్నా సారూ? ఒక్కటుంటే నడవదా?"

"నడవదు. రెండూ ఒక్క ప్రాణానివే కావాలి. లేకపోతే పోలిక కుదరదు."

ఆగయ్య దగ్గరికి జరిగాడు. "ఎవరిస్తున్నరు?"

"జహంగీర్ అని, శాలిబండ అవతల ఉంటాడు. మంచివాడు. తనే చూస్తానని మాటిచ్చాడు."

"రెండూనా?"

"రెండూ."

మూర్తి మెట్లెక్కి పైకి వెళ్ళాక ఆగయ్య పెళ్ళాన్ని పిలిచాడు.

"ఎవరో శాలిబండాయన రెండూ ఇచ్చి సచ్చిపోనీకి తయారైండే చంద్రీ. ఏం చుట్టమాయన సారుకు? ఏం కాదు. మనం ఆరేండ్ల సంది ఒక్క నల్లా నీళ్ళు తాగుతున్నం. నేను ఒక్కటియ్యలేనా? నేనొకటి, ఆయనొకటి ఇస్తే ముగ్గురం బతుకుతం గదా!"

చంద్రమ్మ కాసేపు ఏడ్చింది. కాసేపు తిట్టింది. ఆ తరవాత ముక్కు తుడుచుకుని, దవాఖానలో చీటీల కాడ లొల్లి ఉంటది, పొద్దుగాల్నే పొమ్మని చెప్పింది.

అన్నాలవేళ మేడమీదికి ఓ చెంబెడు బార్లీ నీళ్ళు వచ్చాయి. "ఎందుకండీ ఇవి?" అంది కమలకుమారి. "మంచివాళ్ళు," అన్నాడు మూర్తి, అంతకంటే చెప్పలేక. చెంబెడూ తాగేశాడు.

మర్నాడు అన్నీ పథకం ప్రకారమే జరిగాయి. మూర్తికి అనుమానం వచ్చింది కూడా అందుకే. జహంగీర్ భాయ్ మాట నిలబెట్టుకున్నాడు. ఐసు కరగలేదు. స్కూటరు ఆగలేదు. కిడ్నీలు పల్చగా కోసి, కణాలు విడదీసి, గొట్టాల్లో పోసి, సగంలో ఆకు రసం వేసి నీళ్ళతొట్టిలో వెచ్చగా ఉంచాడు. తలుపు దగ్గర మొగులయ్యను కాపలా పెట్టాడు.

ఇంటి దగ్గర చంద్రమ్మ ఉదయమంతా నోరు బిగపట్టుకుని ఉంది. కమలకుమారి మెట్లు దిగి, "చంద్రమ్మగారూ, ఆగయ్యగారు ఇవాళ డ్యూటీకి వెళ్ళలేదా? తెల్లచొక్కా వేసుకుని పొద్దున్నే ఎటో వెళ్ళారు?" అని అడగడంతో బిగపట్టింది కాస్తా ఊడిపోయింది.

"మీ ఆయన కోసమే పోయిండు కమలమ్మా!" అని బావురుమంది. "మా ఆయన ఒకటి, ఆ జహంగీర్ భాయ్ ఒకటి ఇస్తరు. నువ్వు గుండె నిబ్బరం చేస్కో. మీ ఆయనవి రెండూ పోయి ఎనిమిదేండ్లయిందట!"

ఏవి రెండూ పోయాయో కమలకుమారికి తెలియడానికి కాస్త సమయం పట్టింది. తెలిశాక ఆమె ఏడవలేదు. ఇంటికి తాళం వేయలేదు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి చంద్రమ్మ చెప్పు వేసుకుని ఆటో ఆపింది. చంద్రమ్మ వెనకే ఎక్కింది. దారి పొడవునా కమల ఒక్క మాటే అంటూ వచ్చింది. "నిన్న రాత్రి పప్పులో ఉప్పెక్కువైందంటే విసుక్కున్నానండీ."

పరిశోధనశాల గేటు దాటి వసారాలోకి వచ్చేసరికి మొగులయ్య స్టూలు మీంచి లేచాడు.

"సారెక్కడ?" అంది కమల.

"లోపలున్నరమ్మా. కిడ్నీలు కోసిండ్రు ఇప్పుడే. ఎవ్వర్నీ రానియ్యొద్దన్నరు."

ఇద్దరు ఆడవాళ్ళ ముందు ఒక అటెండరు ఎంతసేపు ఆగుతాడు? తలుపు ధడాలున తెరుచుకుంది. లోపల మూర్తి గొట్టాల స్టాండు అప్పుడే తొట్టిలోంచి పైకెత్తాడు. తెల్లకోటు మీద నెత్తురు మరకలున్నాయి. పక్కన పళ్ళెంలో కత్తి, కోసిన ముక్కలు. కమలకుమారి కేక పెట్టి వెళ్ళి అతన్ని రెండు చేతులా పట్టేసుకుంది. స్టాండు గాలిలో ఒక్క క్షణం నిలిచినట్టే నిలిచి, తొట్టిలో పడింది. ఆకు వేసిన గొట్టాలూ, వేయనివీ, పగిలినవీ, పగలనివీ అన్నీ ఒక్క నీళ్ళలో కలిసిపోయాయి.

"మీ కిడ్నీలేవండీ?" అంది కమల అతని నడుం తడుముతూ.

"నావి నా దగ్గరే ఉన్నాయి," అన్నాడు మూర్తి తొట్టిలోకి చూస్తూ.

"మరి అవెవరివి?"

"మేకవి."

కమలకుమారి నేల మీద కూర్చుండిపోయింది. చంద్రమ్మ పళ్ళెం దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. "అయ్యో, గుర్దాలే," అంది. ఆ ఒక్క మాటా నిన్న వాకిట్లో వినబడి ఉంటే బాగుండేదని తోచిందేమో, వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది.

ఆ చప్పుడుకు శ్రీహరిరావు వచ్చాడు. తొట్టిని చూశాడు, మూర్తిని చూశాడు, నేల మీదున్న ఆవిడను చూశాడు. విషయమంతా విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎనిమిదేళ్ళలో ఈ గదిలోకి పరుగెత్తుకుంటూ వచ్చినవాళ్ళు మీరిద్దరేనమ్మా," అన్నాడు. అని బయటికి వెళ్ళిపోయాడు. కమిటీకి ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి కాబోలు.

కమల తేరుకుంది. తేరుకున్నాక ఆమె చూపు బల్ల మీదున్న ఫ్లాస్కు మీద పడింది. ఎర్ర గళ్ళ ఫ్లాస్కు.

"అది మా అమ్మ ఇచ్చిన కాఫీ ఫ్లాస్కు కదూ? ఆఫీసులో పగిలిపోయిందన్నారు?"

మూర్తి ఫ్లాస్కు మూత బిగించాడు.

"అందులోనా?"

"ఐసు వేసే తెచ్చేవాణ్ణి కమలా."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె అతనితో మాట్లాడలేదు. కానీ అతని ముంజేయి పట్టుకున్న పట్టు మాత్రం వదల్లేదు. స్కూటరును మొగులయ్యకు అప్పగించి మూర్తి మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళ పని నీళ్ళతొట్టిలో కలిసిపోయినందుకు ఏడవాలో, తన కోసం ఒక మనిషి వేరువేరు చెప్పులతో పరుగెత్తినందుకు సంతోషించాలో తేలక, రెండోది కాస్త ఎక్కువగా అనిపిస్తున్నందుకు సిగ్గుపడ్డాడు. ఇంతలో చంద్రమ్మకు మొదట నవ్వొచ్చింది. కమల పటపటా పళ్ళు కొరికి, తనూ నవ్వింది. చార్మినార్ దాటేసరికి ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. ఆటోవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"మా ఆయనో?" అంది చంద్రమ్మ ఉన్నట్టుండి. "ఆయన ఇయ్యనీకి పోయిండు గదా! ఎవరికని తీస్తరు? తీసిండ్రా ఏంది కొంపదీసి?"

నవ్వు ఆగిపోయింది.

అలా తీయరని మూర్తి ఆమెకు ధైర్యం చెప్పాడు. దవాఖానకు వెళ్దామన్నాడు. తీరా వీధి మలుపు తిరిగేసరికి ఆగయ్య అరుగు మీదే కూర్చుని కనబడ్డాడు. తెల్లచొక్కా ఒక చెయ్యి పైకి మడిచి ఉంది. మోచేతి దగ్గర దూది అంటించి ఉంది. చంద్రమ్మ ఆటో ఆగకముందే దిగి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. మేకలు, గుర్దాలు, ఆకు రసం, గాజు గొట్టాలు, అన్నీ. ఆగయ్య నవ్వుతాడని అందరూ ఎదురుచూశారు. అతను మూర్తి వైపు చూశాడు.

"అయితే నీకేం కాలేదు గదా అన్నా? మంచిగున్నవ్ గదా?"

ఆరేళ్ళలో అతను మూర్తిని సారూ అనకపోవడం అదే మొదటిసారి.

"నాకేం లేదు ఆగయ్యగారూ. నా మాటలవల్లే మీకింత శ్రమ..."

"శ్రమేంది. పోయిన. చీటీ రాయించుకున్న. ఒకటి తీస్కోండ్రి, జహంగీర్ భాయ్‌ని రెండో దాన్ని ఉంచుకోమనుండ్రి అని చెప్పిన. డాక్టరమ్మ నవ్వింది. చిన్న పిల్ల, మంచిది. గట్ల ఎవరివి పడితే వాళ్ళవి తీస్కోం, ముందుగాల పరీక్ష చెయ్యాలె అన్నది. బీపీ చూసింది. నవ్వుడు బంద్ చేసింది. మళ్ళ చూసింది. రక్తం తీసింది, మూత్రం పట్టిచ్చింది. పెద్ద డాక్టర్‌ను పిలిచింది." ఆగయ్య దూది మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. "నావి పనికి రావంట."

మూర్తి అరుగు దగ్గరికి జరిగాడు.

"సగం ఖరాబైనయంట. నడుం నొప్పికి ఏండ్ల సంది గోళీలు మింగుతున్న గదా, దుకాణంల అడిగి తెచ్చుకొని. అవొకటి, బీపీ ఒకటి. కాళ్ళ వాపు నిలబడి నిలబడి వచ్చిందనుకున్న. ఇంకో ఏడాది గిట్ల చూస్కోకుంటే మంచం మీద తెచ్చేటోళ్ళంట. ఏం బుద్ధి పుట్టి ఇయ్యాల వచ్చినవ్ అని అడిగింది పెద్ద డాక్టరు. ఏం చెప్పాలె?"

చంద్రమ్మ అతని పక్కన కూర్చుంది. ఈసారి ఆమెకు ఏడుపు రాలేదు. అతని పాదం తన ఒళ్ళోకి తీసుకుని, చీలమండ దగ్గర వేలితో నొక్కి, గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తూ ఉండిపోయింది.

"అన్నా," అన్నాడు ఆగయ్య. "నీ ఆకు పని చేస్తదా?"

ఎనిమిదేళ్ళుగా ఆ ప్రశ్న కోసమే మూర్తి బతికాడు. ఢిల్లీ కమిటీ అడిగితే చెప్పాల్సిన జవాబు అద్దం ముందు ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అరుగు మీద కూర్చుని, కాళ్ళు ఉబ్బిపోయిన ఒక బతికున్న మనిషి అడుగుతుంటే అందులో ఒక్క ముక్కా నోటికి రాలేదు.

"మేకవాటి మీద, గాజు గొట్టంలో, కొంచెం చేసినట్టే కనబడింది," అన్నాడు. "మనిషికి చేస్తుందో లేదో నాకు తెలియదు. తెలియదు కాబట్టి వద్దు. ఆ గోళీలు ఇవాళే పారేయండి. డాక్టరిచ్చిన మందు ఒక్కపూట కూడా తప్పొద్దు. నేను తీసుకెళ్తాను, ప్రతిసారీ."

"నీ కొలువో మరి?"

"ఇక ఎంత ఆలస్యంగా వెళ్ళినా అడిగేవాళ్ళుండరు," అన్నాడు మూర్తి.

అతను చెప్పినట్టే జరిగింది. శుక్రవారం కమిటీ వచ్చి, గొట్టాలు లేని స్టాండును చూసి, టీ తాగి, ప్రాజెక్టు మూసేసింది. మూర్తిని గాజు సామాను గిడ్డంగికి మార్చారు. కమలకుమారి కొత్త ఫ్లాస్కు కొనుక్కుని, దానికి బీరువాలో చోటిచ్చి తాళం వేసింది. చంద్రమ్మ వంటలో ఉప్పు మానేసింది. మొదట్లో ఆగయ్య కంచం ముందు కూర్చుని ఆమెను శాపనార్థాలు పెట్టాడు, తరవాత అలవాటుపడ్డాడు. వాపు తగ్గింది. పోయిన సగం తిరిగి రాదని, ఉన్న సగాన్ని నిలబెట్టుకోవచ్చని పెద్ద డాక్టరు చెప్పాడు.

ప్రతి నెలా ఇద్దరూ స్కూటరు మీద దవాఖానకు వెళ్తారు. వరసలో ఆగయ్య పదిమందితో మాటలు కలిపి, మస్తు నవ్వించి, గొంతు వరండా అంతా వినిపిస్తూ ఉంటాడు. పక్కన మూర్తి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఈసారి రిపోర్టు ఎలా వస్తుందోనని నేల చూపులు చూస్తూ ఉంటాడు. అక్కడి డాక్టర్లు తరచూ మారిపోతుంటారు. కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరూ ఇద్దర్నీ ఓసారి ఎగాదిగా చూసి, మారుమాట లేకుండా మూర్తి చెయ్యే పట్టుకుని నాడి చూస్తాడు.